సాంచాల ఇంట్లో మిక్సర్

వైర్లు కలపడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య అని చాలా ఏళ్ళు నమ్మాను. కోరుట్లలో మా ఇంట్లో టీవీ, ఇన్వర్టరు, నీళ్ళ మోటారు అన్నీ నేనే బిగించాను. ఒకసారి వాడంతా కరెంటు పోయిన మాట నిజమే. దానికి కారణం నేనేనని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ రుజువు చేయలేదు.

అందుకే నా భార్య భజనకు మైకులు పెట్టమని అడిగినప్పుడు ఎగిరి గంతేశాను. ఆమె పుట్టిల్లు సిరిసిల్ల. మా మామగారు నలభై ఏళ్ళు మరమగ్గాల మధ్యే బతికారు. వాటిని అక్కడ సాంచాలంటారు. ఆ మోతకు ఆయన చెవులు మందగించాయి. ఆ ఇంట్లో ఆయనతో ‘అన్నం తిను’ అనాలన్నా కేకే. చెవిలో పెట్టుకునే మిషను కొనిస్తే, దోమ దూరినట్టుందని తీసి సొరుగులో పడేశారు. నా భార్య గొంతేమో సన్నటిది. మాటనైతే అరిచి చెప్పొచ్చు, పాటను అరిచి పాడలేం కదా.

“శనారం మా ఇంట్ల భజన పెట్టిన్రు. బాపు నా పాట ఒక్కసారన్న ఇనాలె. గంతే,” అంది.

జగిత్యాల పోయి మైకుల శబ్దాలు కలిపి స్పీకర్లకు పంపే, ఆరు మైకులు పట్టే చిన్న మిక్సర్ కొన్నాను. “గీ పుస్తకం సదువుర్రి సార్,” అన్నాడు దుకాణదారు. చదవలేదు. చదివితే నా విద్యకే అవమానం.

శనివారం పొద్దున సిరిసిల్లలో చాప మీద వైర్లన్నీ పరిచాను. గోడ అవతల సాంచాలు దడదడలాడుతున్నాయి. పాడేవాళ్ళకు రెండు మైకులు, హార్మోనియానికి ఒకటి, ఢోలక్‌కు ఒకటి, శ్రుతి కోసం నా ఫోను, పక్కన రెండు స్పీకర్లు. ఖాళీగా కనిపించిన ప్రతి రంధ్రంలో ఏదో ఒకటి దోపి స్విచ్ వేశాను. ఎర్ర దీపం వెలిగింది, చప్పుడు మాత్రం లేదు. గంటసేపు గుండీలన్నీ తిప్పి, చివరికి మిక్సరే పాడైందని తేల్చాను. దుకాణదారును నాలుగు తిట్టాను కూడా.

మామగారు వచ్చి నా ఎదురుగా గొంతు కూర్చున్నారు. ఒక్కో వైరును వేళ్ళతో పట్టుకుని, తెగిన పోగును వెతికినట్టు కొసదాకా చూశారు. తర్వాత నా చెవి పక్కనే అరిచారు.

“అల్లుడా, పోగులన్ని లోపటికే పోతున్నయి. బట్ట ఎటెల్లి బయటకస్తది?”

చూస్తే స్పీకర్ల వైర్లు కూడా మైకులు పెట్టే చోటే ఉన్నాయి. జన్మలో మైకు ముట్టని మనిషి నా తప్పు పట్టుకున్నాడు. సిగ్గుతో తల దించుకుని వైర్లు మార్చాను. శబ్దం వచ్చింది, కానీ సాంచాల మోతలో వినబడితేనా. వినబడేదాకా ప్రతి గుండీనీ పైకి తిప్పి, అక్కడే ఉంచి, తృప్తిగా పోయి పడుకున్నాను.

సాయంత్రం ఇల్లు నిండా ఆడవాళ్ళు. దేవుడి భజన కదా అని మామగారు పోయి సాంచాలన్నీ బందు పెట్టించారు. మోత ఆగితే గుండీలు తగ్గించాలన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. నా భార్య మైకు ముందు గొంతు సవరించుకుంది, అంతే. స్పీకర్లు వేసిన కూతకు పెద్దమ్మలు చెవులు మూసుకున్నారు, ఒకావిడ ప్రసాదం గిన్నె వదిలేసింది. నేను కంగారులో స్పీకర్లకు పోయే పెద్ద గుండీని సున్నాకు తిప్పేశాను. నా పరువూ దాంతోపాటే పోయింది.

నా భార్య ఆగలేదు, కళ్ళు మూసుకుని పాట అందుకుంది. అది వెనక వరసకు వినబడటం లేదు. ఇంత చేసి చివరికి ఆమె కోరిక పాడు చేశానని ఏడుపొచ్చినంత పనైంది.

పరీక్ష కోసమని సాయంత్రమే మిక్సర్‌కు తగిలించి నేను మెడలో వేసుకున్న హెడ్‌ఫోన్లకు, పెద్ద గుండీతో సంబంధం లేని వేరే గుండీ ఉంది. పొద్దున అన్నిటితోపాటు తిప్పిన అది ఇంకా నిండుగానే ఉంది. ఇదేందన్నట్టు చూస్తున్న మామగారి చెవులకు వాటిని తగిలించాను, ఇంకేం తోచక.

ఆయన ఉలిక్కిపడ్డారు. కాసేపు మిక్సర్ వంక చూశారు.

“ఎవలు పాడుతుండ్రు?” అని ఇల్లంతా అదిరేలా అరిచారు.

ఆయన చూపు ఒక్కొక్కరి పెదవుల మీదికే పోయింది. ఈ వరసలో ఒకరు, ఆ వరసలో ఒకరు. కూతురి దగ్గర ఆగింది. ఇంక కదల్లేదు.

“మాకు ఇనబడ్తలేదు, జర సప్పుడు పెంచు బిడ్డా,” అని వెనక నుంచి ఎవరో అన్నారు. పెద్ద గుండీ మీద చెయ్యి వేశాను. నా భార్య కళ్ళు తెరిచి నా వైపు ఉరిమి చూసింది. చెయ్యి తీసేశాను.

పాట అయిపోయింది. ఆమె మైకుకు దగ్గరగా వంగి, రోజూ నాతో మాట్లాడే మామూలు గొంతుతో అడిగింది.

“ఇంకొకటి పాడాల్నా, బాపు?”

ఆ ఇంట్లో ఆమె ఆయనతో కేక వెయ్యకుండా మాట్లాడటం నేను అంతవరకూ వినలేదు. ఆయన తలూపి, హెడ్‌ఫోన్లను రెండు చేతులతో చెవులకు ఇంకాస్త అదుముకున్నారు.