కాల్చనివ్వని తోరణం

పున్నయ్య రోజూ పొద్దున్నే పాలకు వెళ్ళి వచ్చేటప్పుడు ఒక చేతిలో పాల క్యాను, రెండో చేతిలో ఏదో ఒక గడ్డి పట్టుకుని వచ్చేవాడు. గట్టు మీది తుంగో, ఏ ట్రాక్టరు మీంచో రాలిన వరిగడ్డో. సీతామహాలక్ష్మి కాఫీ కలిపి తెచ్చేలోపు అది ఆయన వేళ్ళ మధ్య పిట్టయ్యేది, లేకపోతే చేపయ్యేది. దాన్ని ప్రహరీగోడ మీద పెట్టి, "ఎవరి ప్రాప్తమో" అనుకుని కాఫీ తాగేవాడు. బడికి వెళ్ళే పిల్లలు తీసుకునేవాళ్ళు. కూరగాయలమ్మే ఆవిడ ఒక్కోసారి బుట్టలో వేసుకుని, బదులుగా నాలుగు పచ్చిమిరపకాయలు గోడ మీద పెట్టి వెళ్ళేది. ఎవరూ తీసుకోని రోజున సీతామహాలక్ష్మి దాన్ని నీళ్ళపొయ్యిలో పెట్టేది.

"అది నెమలే" అనేవాడు పున్నయ్య.

"నెమలైతేనేం, బాగానే అంటుకుంది" అనేది ఆవిడ.

ఈ విద్య ఆయనకు గుడివాడలో అబ్బింది. అక్కడ బస్టాండు పక్కన సైకిల్ స్టాండు చూసేవాడు. పొద్దున సైకిలు పెట్టి వెళ్ళినవాడు సాయంత్రానికి గాని తిరిగిరాడు. ఈలోగా కూర్చున్న మనిషి ఏం చేస్తాడు? కొందరు పేకాడతారు, కొందరు గవర్నమెంటును తిడతారు. పున్నయ్య అల్లేవాడు. తర్వాత జనమంతా మోటారు సైకిళ్ళెక్కారు, స్టాండు మూతపడింది, ఆయన నందివాడ దగ్గర సొంతూరు చేరాడు. అల్లిక మాత్రం ఆయన చెయ్యి వదల్లేదు.

అందులోనూ శరత్తు వచ్చిందంటే ఆ చేతులకు పట్టపగ్గాలుండవు. వానలు వెనకపట్టి, కాలవ గట్ల మీద రెల్లు తెల్లగా పూసేసరికి ఆయన మొహం వెలిగేది. దసరాకు రెల్లుపూలు కట్టగట్టి అమ్మవారికి వింజామరలు చేసేవాడు. రాలిన పారిజాతాలు ఏరి, తెల్లరేకులు ఒకవైపు, ఎర్రకాడలు ఒకవైపు వచ్చేలా గుడి అరుగు మీద ముగ్గు తీర్చేవాడు. దీపావళికి గోగుపుల్లలతో దివిటీలు కట్టేవాడు. కార్తీకం రాగానే అరటిదొప్పల వంతు. ఊరందరూ దొప్పలో దీపం పెట్టి కాలవలో వదిలితే, ఈయన తన దొప్పకు తెరచాప, చుక్కాని కూడా పెట్టేవాడు. ఒక ఏడు ఆ పడవ గాలివాటుకు వెనక్కి తిరిగి నేరుగా ఆడవాళ్ళ రేవుకే వచ్చింది. "దీపం వదిలితే పోవాలి గానీ, మళ్ళీ చుట్టపుచూపుగా రావడమేంటి పున్నయ్యగారూ" అని వాళ్ళు కడుపుబ్బ నవ్వారు. నవ్వుతూనే అందులో తలో పువ్వూ వేసి మళ్ళీ పంపారు.

ఇలా నవ్వుల్లో పోయే మనిషికి పోయిన కార్తీకంలో ఒక దిగులు పట్టుకుంది. సీతామహాలక్ష్మికి మోకాలు వాచి, మంచం దిగడమే కష్టమైంది. ఏటా శివాలయం చుట్టూ తిరిగే మనిషి గడపలో కూర్చుని గుడి గంట వినాల్సివచ్చింది. అప్పుడు పున్నయ్య గుడికెళ్ళి స్వామికి మొక్కుకున్నాడు. ఆవిడ తన కాళ్ళమీద తాను నడిస్తే, వచ్చే ఏడు కార్తీక పౌర్ణమికి తన చేతిలో ఉన్న పనితనమంతా పోసి జ్వాలాతోరణం అల్లి స్వామికి ఇచ్చేస్తానని, దంపతులిద్దరూ మంటకింద నడుస్తామని.

కార్తీక పౌర్ణమి సాయంత్రం శివాలయం ముందు రెండు గుంజలు పాతి, వాటి మీద అడ్డంగా ఒక వాసం కట్టి, దానికి చుట్టిన ఎండుగడ్డికి నిప్పు పెడతారు. ఆ మంటకింద నుంచి స్వామి పల్లకీ మూడుసార్లు వెళ్తుంది, వెనకాల ఊరు వెళ్తుంది. కాలగా మిగిలిన గడ్డిని ఇళ్ళకు తీసుకెళ్ళి పశువుల మేతలో కలుపుకుంటారు. ఏటా ఆ గడ్డి చుట్టేది పున్నయ్యే. అది ఎలా ఉందో ఎవరూ చూసేవారు కాదు. కాలిపోయేదానికి అందమెందుకు?

ఈ ఏడు ఆవిడ నడిచింది. "మాత్రలు మింగింది నేను, మొక్కింది మీరు, పేరు మటుకు స్వామికా" అని వేళాకోళం చేసింది గానీ, గుడి మెట్లెక్కినప్పుడు కళ్ళొత్తుకుంది.

పున్నయ్య పనిలో దిగాడు. కోతమిషను తొక్కిన గడ్డి నలిగిపోయి అల్లికకు పనికిరాదు. మిషను మలుపు తిరగలేని చేలమూలల్లో మాత్రం కొడవలితో కోస్తారు. బావమరిది వరసయ్యే రాంబాబు తన చేలో ఆ మూలగడ్డంతా, అడగకుండానే కట్టకట్టించి పంపాడు. కాడలకు తడిగుడ్డ చుట్టి మెత్తబరిచి, పున్నయ్య పెరటి పాకలో కూర్చుని అల్లడం మొదలుపెట్టాడు. వాసం పొడుగునా చిలకలు, బాతులు, చేపలు. మధ్యలో విచ్చుకున్న తామర. కిందికి వరికంకుల కుచ్చులు. పౌర్ణమి రెండురోజులుందనగా తీసుకెళ్ళి గుడి మండపంలో రెండు బల్లల మీద పెట్టించాడు.

పెట్టించడమే పొరపాటైంది.

మొదట పిల్లలు వచ్చారు. తర్వాత వాళ్ళ తల్లులు. తర్వాత ఫోన్లు. అంగన్‌వాడీ టీచరు రేవతి పిల్లల్ని వరసగా తెచ్చి, ఏది చిలకో ఏది బాతో చెప్పించింది. సాయంత్రానికి గుడి కమిటీ పెద్ద యుగంధర్ బైకు మీద దిగాడు. చుట్టూ తిరిగి చూశాడు.

"బాబాయ్, దీన్ని కాల్చడానికి నాకు మనసొప్పట్లేదు."

"కాల్చడానికే చేశాను బాబూ."

"బందరులో అద్దాలపెట్టెకి చెప్పేశా. మండపంలో పెట్టి కింద నీ పేరు రాయిద్దాం. గుంజలకి ఏదో నాలుగు పరకలు చుట్టి కానిచ్చేద్దాం."

"నాలుగు పరకలు స్వామికి, పనితనం అద్దాలపెట్టెకా?"

"స్వామి గుడిలోనేగా ఉండేది" అన్నాడు యుగంధర్. ఆ కుర్రవాడి మాటలో చెడు ఏమీ లేదు. అదే పున్నయ్యకు పెద్ద చిక్కు. తిట్టేవాళ్ళయితే తిరిగి తిట్టొచ్చు, మెచ్చుకునేవాళ్ళతో ఎలా పోట్లాడతాడు?

ఆదుకుంటుందని ఇంటికెళ్ళి సీతామహాలక్ష్మిని పిలుచుకొచ్చాడు. నెమలిని నీళ్ళపొయ్యిలో పెట్టిన మనిషి, ఆవిడకు జాలేమిటి? ఆవిడ తోరణం ముందు చాలాసేపు నిలబడింది. చిలక ముక్కు మీద వేలు పెట్టి చూసింది.

"ఏవండీ, ఇది మీరే చేశారా?"

"ఎవరనుకున్నావు?"

"ఇంత పని తెలిసినవారు ఇన్నాళ్ళూ ఏం చేశారు? దీన్ని కాల్చడానికి చేతులెలా వస్తాయండీ."

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎదురుచూసిన మాట అది. రాక రాక ఇవాళ వచ్చింది. పున్నయ్యకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

"మరి మొక్కో?" అన్నాడు మెల్లగా.

"మోకాలు నాది. స్వామికి నేను చెప్పుకుంటాను లెండి. ఆయనేం అనుకోరు."

చివరికి పూజారిగారి దగ్గరకు వెళ్ళాడు. ఆయన శ్రద్ధగా విని, "స్వామికి ఇస్తానన్న వస్తువును మనం దాచుకోకూడదు పున్నయ్యా. అగ్నిలోకైనా పోవాలి, పశువు నోట్లోకైనా పోవాలి. అద్దాలపెట్టెలోకి పోకూడదు" అన్నాడు.

"ఆ మాటే కమిటీతో అనండి స్వామీ."

పూజారిగారు ఉత్తరీయం సర్దుకున్నాడు. "అనేవాణ్ణే. నిన్న దాని పక్కన నిలబడి నేనూ ఫొటో దిగాను. మా అమ్మాయి దాన్ని బంధువులందరికీ పంపేసింది. ఇప్పుడు కాల్చెయ్యమంటే ఏం బాగుంటుంది, నువ్వే చెప్పు."

పౌర్ణమినాడు తెల్లారింది. మంచం దిగుతూ సీతామహాలక్ష్మి, "మోకాలు కాస్త పట్టేసినట్టుందేంటి" అంది. రాత్రి చలిగాలి తగిలి అయుండవచ్చు. స్వామి ఏమీ అనుకోడన్న మాట మీద పున్నయ్యకు మాత్రం నమ్మకం కుదరలేదు. పాలు, కాఫీ అన్నీ మరిచిపోయి గుడికి పరుగెత్తాడు. మండపంలో ఎవరూ లేరు. ఒక్క చిలకను పీకేస్తే చాలు, అందం పోతుంది, ఆ మీదట అందరూ కాల్చెయ్యమంటారు. చెయ్యి చాపాడు. చిలక తోక ఎవరో పిల్లాడు పట్టుకోవడం వల్ల కాబోలు కాస్త వంకరపోయింది. పున్నయ్య దాన్ని సరిచేశాడు. పక్కనున్న బాతు రెక్క కూడా సరిచేశాడు. తామర రేకు ఒకటి వదులైతే బిగించి కట్టాడు. వెనక్కి జరిగి చూస్తే తోరణం నిన్నటికన్నా బాగుంది.

తన వల్ల కూడా కాదని తేలిపోయింది. ఇక ఈ ఊళ్ళో ఈ అందం ఎక్కనిది ఎవరికని ఆలోచిస్తూ రాంబాబు ఇంటికి నడిచాడు.

రాంబాబుకు ఒక ఒంగోలు గిత్త ఉంది. బండలాగుడు పందేల్లో గెలిచిన గిత్త. కొట్టంలో దానికి ఫ్యాను ఉంది. రాంబాబు గదిలో ఉన్నది తీసి దానికి పెట్టాడని ఇంట్లోవాళ్ళ ఫిర్యాదు. ఏటా పౌర్ణమినాడు దాన్ని గుడికి తెచ్చి పూజారిగారి చేత బొట్టు పెట్టిస్తాడు.

"ఏంటి బావా, పొద్దున్నే" అన్నాడు రాంబాబు, గిత్త ఒళ్ళు తుడుస్తూ.

పున్నయ్య అంతా చెప్పాడు. మొక్కు, మోకాలు, అద్దాలపెట్టె, పూజారిగారి మాట. రాంబాబు తుడవడం ఆపాడు.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"బొట్టుకి ఈసారి కాస్త పెందలాడే తీసుకురా. జనం వచ్చేలోపు. మండపంలో ఆ బల్లల దగ్గర కట్టి, నువ్వు పూజారిగారిని పిలవడానికి వెళ్ళు. నేనక్కడే కూర్చుని ఉంటా. ఎవరడిగినా ఉన్నమాటే చెప్తా. నంది తింటే స్వామికి చేరినట్టే. వాసానికి చుట్టడానికి మామూలు గడ్డితాడు పేని ఇంట్లో సిద్ధంగా పెట్టాను. ఆ మంటకింద మీ అక్కయ్యని నడిపిస్తా."

రాంబాబు గిత్తవైపు చూశాడు, పున్నయ్యవైపు చూశాడు. "అంతా బాగానే ఉంది బావా. వీడు గడ్డి ముట్టి రెండేళ్ళయింది. ఉలవలు, బెల్లం, పత్తిగింజలు తప్ప మరోటి తినడు. గడ్డి చూపిస్తే మొహం తిప్పుకుంటాడు."

"ఆ సంగతి తెలిసే వచ్చాను" అన్నాడు పున్నయ్య. కొట్టం గుంజ పట్టుకుని, గొంతు బాగా తగ్గించి అడిగాడు. "నా మాట మన్నించి, ఈ ఒక్క పూటా వీడికి ఉలవలు పెట్టకు రాంబాబూ."