కత్తి మీద అంటించిన కాగితం

మా సినిమా హాలు ఉప్పల్ నుంచి నాచారం పోయే దారిలో ఉండేది. ఇప్పుడు అక్కడ బట్టల షాపు ఉంది. దాని ముందు నుంచి పోతే నాకు ఇప్పటికీ మైదా జిగురు గుర్తొస్తుంది. పొద్దున్నే నా భార్య ఆ జిగురు ఉడికించి ఇచ్చేది. నేను సైకిల్‌కు బకెట్ తగిలించుకుని పోస్టర్లు అంటించడానికి పోయేవాణ్ణి.

ఒకసారి పెద్దవాళ్లకు మాత్రమే అనే సినిమా వచ్చింది. దాన్ని ఆపాలని కొందరు, ఆపొద్దని కొందరు టీవీలో రోజూ అరుచుకునేవాళ్లు. పోస్టర్ మీద సగం బట్టలతో ఒక అమ్మాయి, ఆమె మెడ మీద కత్తి, రక్తం. నా భార్య పనిచేసే ఫ్యాక్టరీ గోడకు కూడా అదే అంటించాను. సాయంత్రం ఆమె మండిపడుతూ ఇంటికొచ్చింది.

"గేటు కాడ అందరు నవ్వుతున్నరు. వదినా, అన్న మస్తు పోస్టర్ ఏసిండు అంటున్నరు. రేపు గూడ అది గట్లనే ఉంటే ఇగ నేను పనికి వోను."

అలాంటి పోస్టర్లకు అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. ఒళ్లు కనిపించిన చోట తెల్ల కాగితం ముక్కలు అంటించేవాళ్లం. మర్నాడు మధ్యాహ్నం నేనూ అదే చేసి, షిఫ్ట్ వదిలేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను. ఆమె వచ్చి చాలాసేపు చూసింది.

"పిల్ల ఒళ్లు మూసినవ్. కత్తి గట్లనే ఉంచినవేంది?"

"కత్తిని ఎవ్వరేమనలేదే."

"నేనంటున్న గద. రోజూ దాన్ని సూస్కుంటనే లోపలికి వోవాలె."

బకెట్‌లో జిగురు మిగిలింది. కత్తి మీద కూడా కాగితం వేశాను.

"అన్నా, ఇగ సినిమా పేరు గూడ మూసెయ్!" అని వెనక నుంచి ఒకామె అంది. అందరూ నవ్వారు. ఈసారి నా భార్య కూడా నవ్వింది.

హాలు ఓనరు మాత్రం తిట్టాడు. "ఒళ్లు మూస్తే జనం ఇంకెక్కువ వస్తరు. కత్తి మూస్తే ఎవడొస్తడు? పోయి ఆ కాగితం పీకెయ్!"

తల ఊపాను కానీ, ఆ సినిమా పోయేదాకా ఆ గోడ దిక్కు పోలేదు. ఆమె పని మానలేదు.

ఆ ఆదివారం ఆమే అడిగింది. "గంత లొల్లి ఏందో సూద్దాం, పా."

ముద్దు సీన్‌కు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ చూసింది. కత్తి రాగానే చెయ్యి తెచ్చి నా కళ్ల మీద పెట్టింది.

"నువ్వు గూడ సూడకు."

ఆ చేతికి ఇంకా మైదా వాసన ఉంది. ఇప్పుడు ఇద్దరం ఫోన్‌లోనే సినిమాలు చూస్తాం. కత్తి కనిపిస్తే చాలు, ఆ చెయ్యి వచ్చి ఫోన్ మీద పడుతుంది. నేను తీయమనను.