మామ ఎలుగుబంటి

పొద్దున మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. తల్లి ఎలుగుబంటి పిల్లను వీపున ఎక్కించుకుని తాపీగా నడిచిపోతోంది. కొత్తగా వచ్చిన కోడళ్లూ అల్లుళ్లూ కింద నోరెళ్లబెట్టిన బొమ్మలు పెట్టారు. నాకు మాత్రం నవ్వొచ్చింది.

మా మేనమామది కళ్యాణదుర్గం వైపు ఊరు. చెనిక్కాయ పండినా పండకపోయినా ఆయన దగ్గర కథలకు కరువుండేది కాదు. బావిలో ఆయన పట్టిన చేప, ఆ కథ చెప్పిన ప్రతిసారీ జానెడు పెరిగేది. ఆయన్ను కాటేయబోయిన పాము ప్రతి పెళ్లికీ కాస్త లావయ్యేది. మేం నవ్వేవాళ్లం, ఆయనా మాతో కలిసి నవ్వేవాడు. ఒక్క ఎలుగుబంటి కథకు నవ్వితే మాత్రం ముఖం చిన్నబుచ్చుకునేవాడు. ఊరి వెనక కొండ మీద దొన ఉంది, బండల నడుమ వాననీళ్లు నిలిచే చిన్న చెరువు లాంటిది. వయసులో ఉండగా ఒక సాయంత్రం అక్కడికి నీళ్లకొచ్చిన ఎలుగుబంటి వీపు మీద పిల్లను చూశాడట. "గుర్రమెక్కినట్టు కూచోనుండె" అనేవాడు. "జీను గూడా ఏసిండిందేమో అడుగు" అనేది మా అత్త. చూపిస్తా రమ్మని మమ్మల్ని ఎన్నిసార్లు కొండెక్కించాడో. వానల్లేని ఏళ్లలో దొన అడుగున నెర్రెలు తప్ప ఏముంటాయి? నీళ్లు లేని చోటికి ఎలుగుబంటి మాత్రం ఎందుకొస్తుంది? దిగేటప్పుడు మా పరాచికాలు వింటూ, వెనక్కి తిరక్కుండా ఆయన ముందు నడిచేవాడు.

ఆ మధ్య ఒక ఏడు వానలు బాగా పడ్డాయి. దొన నిండిందని మామ ఫోన్ చేశాడు. "రా పాపా, మీ అత్తను గూడా పిల్చుకపోదాం. ఈతూరి కనపడకపోతే ఇంగ ఆ మాట ఎత్తను." ఆ గొంతులో ఎప్పటి హాస్యం లేదు. డెబ్బై దాటిన మనిషి, మళ్లీ కొండెక్కగలడన్న నమ్మకం ఆయనకే లేదు. నాకు భయం వేసింది. ఎలుగుబంటి వస్తుందని కాదు, రాకపోతే ఈయన ముఖం ఎలా చూడాలా అని.

ఆటో మమ్మల్ని కొండ కింద దింపింది. సీతాఫలం చెట్ల మధ్య దారి. రొట్టెల మూట చంకన పెట్టుకుని అత్త ప్రతి బండకూ ఆగి, మొగుడి కథలన్నిటినీ పేరుపేరునా తిట్టింది. నా మోకాళ్లు కూడా ఆమె పక్షమే. పైకి చేరాక మాత్రం తిట్లు ఆపి మూట కింద పెట్టింది. నేనెప్పుడూ నెర్రెలు చూసిన గుంటలో ఆకాశం కనబడింది.

గాలి మా వైపు వీచేలా చూసుకుని, అవతలి గట్టున పెద్ద బండ వెనక కూర్చోబెట్టాడు మామ. గాజులు గలగలమనకుండా అత్త చేతికి తన తువ్వాలు చుట్టాడు. కౌజుపిట్టలు వచ్చి తాగిపోయాయి. ఒక నెమలి వచ్చి, నీళ్లలో తన అందం చూసుకుని పోయింది. పొద్దు వాలుతోంది. "ఇంగ పోదాం పదయ్యా, కాళ్లు పట్టేసినాయి" అంది అత్త మెల్లగా. ఆ గొంతులో వెక్కిరింపు లేదు, జాలి ఉంది. మామకు అదే ఎక్కువ బాధనిపించి ఉంటుంది. ఆయన తల తిప్పలేదు.

అప్పుడు ఎదుటి పొద కదిలింది. నల్లగా, దుమ్ముకొట్టుకున్న జూలుతో, తెల్లటి మూతి ముందుకు చాచి ఎలుగుబంటి వచ్చింది. వీపు మీద ఏదో గుబురుగా ఉంది. ఆ గుబురులోంచి ఒక తల లేచింది. దాని వెనక ఇంకొకటి. తల్లి నీళ్లు తాగుతున్న చప్పుడు మా దాకా వినబడింది. అత్త నా చెయ్యి నొప్పెట్టేలా పట్టుకుంది. నాకు కళ్లనీళ్లొచ్చాయి, సంతోషంతోనే.

అది పిల్లలతో సహా బండల్లోకి పోయి చాలాసేపయ్యాక అత్త నా చెయ్యి వదిలి మామ వైపు తిరిగింది. "రెండుండాయి కదయ్యా?"

"ఆ పొద్దూ రెండే ఉండె" అన్నాడు మామ. "రెండంటే నమ్మరని ఒకటే చెప్పినా."

జీవితమంతా గోరంతలు కొండంతలు చేసిన మనిషి, ఈ ఒక్కదాన్నీ నమ్ముతామని సగానికి తగ్గించి చెప్పాడు. అత్త మూట విప్పి మొదటి రొట్టె ఆయన చేతిలో పెట్టింది. వెలుతురుండగానే దిగాం. ఈసారీ మామే ముందు నడిచాడు, ఊరేగింపులో పెళ్లికొడుకులా.

ఇప్పుడు ఆ కథ చెప్పేది అత్త. ఆమె నోట పిల్లలు మూడయ్యాయి. "రెండేమే, మూడు గాదు" అని మామ పక్కనుంచి దిద్దుతాడు, ఎవరూ వినిపించుకోరు. మా సీమలో వాన రావడానికైనా, మనిషి మాట నిజమని తేలడానికైనా ఏళ్లు పడతాయి. వచ్చిన రోజున మాత్రం ఆలస్యమైందని ఎవరికీ అనిపించదు.