నాలుగో కొర్రీ

ఆ రోజుల్ల ఒంటరితనం అనేది పుస్తకాలల్ల ఉండే మాట అనుకునేదాన్ని, ఇబ్రహీంపట్నంల కిరాయి రూములు పట్టుకొని బతికే మనుషులకు వచ్చేది కాదనుకునేదాన్ని. ఇప్పుడు బడ్జెట్ శాఖల పెద్ద కుర్చీల కూసున్న. నా సంతకం లేనిది ఫైలు ముందుకు పోదు. మొన్న కొత్తగ చేరిన ఆఫీసర్లు నా గురించి మాట్లాడుకునుడు నా చెవిన పడ్డది. మేడం దగ్గరికి ఫైలు పోతే కొర్రీ లేకుండ రాదట, మేడం కండ్లకు అంత పదునట. (కొర్రీ అంటే మీరు పంపిన కాయితం మీద ఆఫీసోళ్లు రాసే ఎదురు ప్రశ్న. దానికి జవాబు వచ్చేదాక మీ కాయితం కదలదు.) నాలో నేనే నవ్వుకున్న. ఈ పదును యాడ మొదలైందో, ఎందుకు మొదలైందో తెలిస్తే వాళ్లు గూడ నవ్వుతరు. రిటైర్మెంటు దగ్గరికొచ్చింది కాబట్టి చెప్తున్న, ఇప్పుడు నా ఇంక్రిమెంటు ఆపెటోళ్లు ఎవరూ లేరు.

అప్పటికి నాకు ఇరవై మూడేండ్లు. పరీక్ష రాసి పాసైతే ఇబ్రహీంపట్నంల ఒక చిన్న సర్కారు ఆఫీసుల వేసిండ్రు. రాష్ట్రం రాకముందు సంగతి ఇది, రింగు రోడ్డు లేదు, బొంగులూరు దగ్గర జొన్న చేన్లు ఉండేవి. చుట్టుపక్కల ఊర్ల బడులు, హాస్టళ్లు, దవాఖానలు పంపే బిల్లులు మా ఆఫీసుకు వచ్చేవి. ఆ ఖర్చుకు బడ్జెట్ ఉన్నదా, కాయితాలు సక్కగున్నయా చూసి, ఉంటే పాస్ చేసుడు, లేకుంటే బిల్లు ఆపి కొర్రీ రాసి పంపుడు నా పని. మాది కరీంనగర్ దిక్కు ఊరు. నన్ను దింపనీకె బాపు ఒక ట్రంకు పెట్టె, ఒక స్టవ్వు మోసుకొని బస్సులు మారి వచ్చిండు. రూముల సామాను పెట్టి, "ఫికర్ చెయ్యకు బిడ్డా, సర్కారు నౌకరి, చుట్టూ మనుషులే ఉంటరు" అని చెప్పి సాయంత్రం బస్సుకు పోయిండు. బాపు చెప్పింది అబద్ధం కాదు. చుట్టూ మస్తు మంది మనుషులుండ్రి. కాకపోతే వాళ్లల్ల నాతోటి మాట్లాడాల్సిన పనున్నోళ్లు ఒక్కరు గూడ లేరు.

నా రూము ఒక పిండి గిర్ని మీద ఉండె. పొద్దంతా గిర్ని చప్పుడుకు ఇల్లు వణికేది, తిట్టుకునేదాన్ని. ఆదివారం గిర్ని బంద్ ఉంటే మాత్రం ఎప్పుడు మొదలైతదా అని చూసేదాన్ని. ఇంటి ఓనరమ్మ మంచిదే, కాని ఆమె మాట్లాడేది కోళ్లతోటి మాత్రమే. ఆఫీసుల నాతోటి పనిచేసేటోళ్లు అందరు మొగోళ్లు, పెద్దోళ్లు, మర్యాదస్తులు. వయసు పిల్లను నేరుగ చూసి మాట్లాడితే ఏమనుకుంటదో అని గోడను చూసి మాట్లాడేవాళ్లు. "అమ్మా, ఆ రిజిస్టర్ నీ దగ్గరున్నదా" అని గోడను అడిగితే, గోడ తరఫున నేను ఉన్నదనేదాన్ని. రూముకు వచ్చినంక కొట్టుల పప్పు కట్టిచ్చిన పేపరు ముక్కలు పైకి చదివేదాన్ని, కనీసం నా గొంతన్నా నాకు వినబడుతదని. అవి సగం సగం చినిగి ఉండేవి కాబట్టి, ఎందరి పెండ్లిళ్లు, ఎన్ని పంచాయితీలు నడిమిట్లనే ఆగిపోయినయో నాకు ఇప్పటికీ తెల్వదు.

ఇట్ల నెలన్నర గడిచినంక పెద్దసారు వచ్చిండు. పెద్ద చెరువు దిక్కు ఒక ఊర్ల చిన్న బడికి ఆయన హెడ్మాష్టరు. రెండు రూముల రేకుల బడి. కోతులు ఎగిరి దుంకి రేకులు పలగొట్టినయి, వానలు పడకముందే కొత్త రేకులు వేయాలని బిల్లు పంపిండు. దాని మీద ఒక ముద్ర లేకుండె. నేను కొర్రీ రాసిన. అది నిఖార్సయిన కొర్రీ, ఇప్పటికీ దాని గురించి నాకు సిగ్గు లేదు. పోస్టుల జవాబు పంపితే వారం పడుతదని ఆయనే బస్సెక్కి వచ్చి ముద్ర వేసిచ్చిండు. వేసినంక వెంటనే పోలేదు. నా టేబుల్ ముందటి స్టూలు మీద కూసొని, నన్ను నేరుగ చూసి, ఏ ఊరు, అమ్మా బాపు ఏం చేస్తరు, పొద్దుగాల ఏం తిన్నవు అని అడిగిండు. నేను ఏం తిన్ననో అడిగిన మొదటి మనిషి ఆ ఊర్ల ఆయనే. బస్సు టైమయ్యేదాక తన బడి ముచ్చట్లు చెప్పిండు. పిల్లలంతా చేపలు పట్టేటోళ్ల పిల్లలట. చెరువుల వలలు వేసే దినాలల్ల హాజరు పట్టీల పేర్లుంటయి గాని బడిల పిల్లలుండరట. వాపసు వచ్చినంక ఒక్కొక్కడు వారం దాక చేప వాసన కొడుతరట, లెక్కలు చెప్పుదామంటే తనకే ఆకలైతదట. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్విన. గోడలను చూసేటోళ్లు అందరు తిరిగి చూసిండ్రు.

ఆయన పోయినంక బిల్లు తీసిన. అన్నీ సక్కగనే ఉన్నయి. పాస్ అని రాస్తే పనైపోతది. పనైపోతే ఆయన మళ్ల రాడు. ఈ సంగతి తట్టినంక కలం ఒక్క నిమిషం ఆగింది. తర్వాత, దేవుని సాక్షిగ చెప్తున్న, నా చెయ్యే రాసింది: "సదరు రేకులు కొత్తవా, పాతవా తెలుపగలరు."

మూడో నాటికి జవాబు పట్టుకొని పెద్దసారు హాజరు. "రేకులు కొత్తవి. పాతవి మా వద్ద ఇదివరకే కలవు. అవి పలిగినందుననే ఈ బిల్లు" అని ముత్యాల్లాంటి అక్షరాలతోటి రాసుకొచ్చిండు. కోపం లేదు, ముఖం చిన్నగ చేసుకున్నది లేదు. చేతి సంచిల నేరేడు పండ్లు తెచ్చిండు. వాటిని బిల్లు పక్కనే కుప్ప పోసుకొని ఇద్దరం తిన్నం. ఆయన వాళ్ల ఇంటామె గురించి చెప్పిండు, నేను మా చెల్లె గురించి చెప్పిన. పోయేటప్పుడు ఇద్దరి నాలుకలు ఊదారంగుల ఉండె. ఆయన బస్సెక్కినంక చూస్తే బిల్లు మీద గూడ ఒక ఊదారంగు మరక ఉన్నది. వేలి ముద్ర స్పష్టంగ నాదే. తుడిస్తే ఇంక పెద్దగైంది. భయమైతే అయింది గాని, ఆ భయం నడుమనే ఒక సంతోషం లేచింది. మూడో కొర్రీ దొరికింది. "బిల్లుపై ఊదారంగు మరక కలదు. కారణం తెలుపగలరు."

దానికి పెద్దసారు రాసిన జవాబు నా సర్వీసుల చూసిన అన్ని జవాబుల్ల గొప్పది. "సదరు మరక నేరేడు పండుది. పండు నాది, వేలు మేడం గారిది."

ఆ జవాబు ఎవరి కంట పడకుండ ఫైలు అడుగున పెట్టిన. కొర్రీ మాత్రం మా సూపర్నెంటు సారు చూసిండు. ఆయన ముప్పై ఏండ్ల నుంచి కొర్రీలు రాస్తున్న మనిషి. కండ్లద్దాలు తీసి, తుడిచి, మళ్ల పెట్టుకొని, ఈ పిల్ల మరకను గూడ ఇడిచిపెట్టలేదని అందరికి చెప్పిండు. ఆ ఏడాది నా మీద పైకి పంపిన రిపోర్టుల సూక్ష్మ పరిశీలన గలదని రాసిండు. (ఆ ఒక్క వాక్యం నన్ను ఎంత దూరం తీసుకపోయిందో తర్వాత చెప్తా.)

నిజం చెప్పాలంటే ఆ నెల నేను బతికింది మూడు రోజులకొకసారే. మిగిలిన బిల్లులన్నీ గబగబ పాస్ చేసేదాన్ని, వాటిని తెచ్చేటోళ్లు ఎవరూ కూసొని మాట్లాడే రకం కాదు. పెద్దసారు వచ్చే బస్సు టైము నాకు కండక్టరు కన్న బాగ తెలుసు. స్టూలు ఎవరన్న తీసుకపోతే వాపసు తెచ్చి పెట్టుకునేదాన్ని. నాలుగోసారి మాత్రం బిల్లును ఎటు తిప్పినా ఏం దొరకలే. వెలుతురుకు ఎత్తి పట్టి చూసిన. ఆఖరికి రాసిన: "దరఖాస్తుదారుని సంతకం ఎడమ వైపునకు వంగి ఉన్నది. కారణం తెలుపగలరు."

ఈసారి పెద్దసారు రాలే. మూడో నాడు రాలే, ఐదో నాడు రాలే. నాకు మొదలు కోపమొచ్చింది, తర్వాత రోషమొచ్చింది, ఆఖరికి వానొచ్చింది. రెండు దినాలు ఆగకుండ కొట్టింది. రూముల పండుకొని కింద గిర్ని రేకుల మీద వాన చప్పుడు వింటున్నప్పుడు, రేకులు అనే మాటకు అర్థం నాకు మొదటిసారి తెలిసింది. అది నా ఫైలుల మాట కాదు, ఎవరి నెత్తి మీదనో లేని ఒక కప్పు. లేచి కూసున్న. మళ్ల నిద్ర పట్టలే.

పొద్దుగాల ఆఫీసు తెరువంగనే బిల్లు పాస్ చేసిన. జవాబు రాకముందే ఎట్ల పాస్ చేసినవని సూపర్నెంటు సారు అడిగితే, జవాబు నాకు తెలుసని చెప్పిన. పాసైన కాయితం పోస్టుల వేయకుండ సంచిల పెట్టుకొని, సగం దినం సెలవు రాసి బస్సెక్కిన.

బడికి పోయేసరికి వాన ఆగింది గాని లోపల ఆగలే. పలిగిన రేకుల సందులకెళ్లి చుక్కలు పడుతనే ఉన్నయి. రెండు రూముల పిల్లలు ఒకటే రూముల, పొడిగున్న గోడకు ఆనుకొని, పలకలు నెత్తి మీద పెట్టుకొని కూసున్నరు. నడుమ పెద్దసారు ఛత్రి పట్టుకొని నిలబడి ఎక్కాలు చెప్తున్నడు. కుడి కాలికి కట్టు ఉన్నది. తడిసిన నేల మీద నల్లబల్ల జరుపబోయి జారి పడ్డడట. అందుకే రాలే.

నన్ను చూసి ఆశ్చర్యపడలే. వచ్చినవా బిడ్డా అని, ఈమెనే మన రేకుల మేడం అని పిల్లలకు చెప్పిండు. అందరు లేచి నమస్తే పెట్టిండ్రు. ముందటి వరుసల ఒక పిల్ల, సారు సంతకం సక్కగ లేదన్న మేడం ఈమెనేనా అని అడిగింది. ఆయన నా కొర్రీని తరగతిల చదివి వినిపిచ్చి, అందరితోటి సంతకాలు నిటారుగ పెట్టిచ్చి నేర్పిండట. పలకల మీద సంతకాలు ఇంక ఉన్నయి, చుక్కలు పడి కారిపోతున్నయి.

బయటికి పిలిచి కాయితం చేతిల పెట్టిన.

"సార్, ఆ బిల్లు మీరు ముద్ర వేసిన్నాడే సక్కగుండె."

"తెలుసు బిడ్డా."

"ఎప్పటి నుంచి?"

"రెండోదానికే తెలిసింది. మూడోది ఇంట్ల చదివితే మా ఇంటామె అన్నది, ఆ పిల్లకు ఆడ ఎవరూ లేనట్టున్నది, పోయి రా అని. పోతనే ఉంటుంటి, కాలు ఇట్లైంది." లోపలి పిల్లల దిక్కు చూసిండు. తర్వాత మెల్లగ అన్నడు. "మాట్లాడాలనిపిస్తే ఆదివారం ఇంటికి రా. నడుమ కాయితం ఎందుకు. పిల్లలు తడుస్తున్నరు."

తిట్టినా బాగుండేది. ఆ ఆఖరు రెండు మాటలు ఇప్పటికీ నాలోనే ఉన్నయి.

పది రోజులల్ల రేకులు పడ్డయి. అప్పటికి ఇద్దరు పిల్లలకు జరాలు వచ్చి తగ్గినయి, తగ్గినయని తెలిసేదాక నేను అన్నం సరిగ తినలే. ఆ ఆదివారం భయం భయంగ ఆయన ఇంటికి పోయిన. పెద్దమ్మ (సారు ఇంటామెను నేను అట్లనే పిలిచిన) నన్ను చూసి ఏం అడుగలే. కత్తిపీట, నాలుగు ఉల్లిగడ్డలు ముందట పెట్టి కొయ్యుమన్నది. కన్నీళ్లు కార్చనీకె అంతకన్న మంచి ఏర్పాటు ఉండదు. జొన్న రొట్టె, చేపల పులుసు తిని సాయంత్రం బస్సుకు వచ్చిన. తర్వాత ఏడాదిన్నర, ఒకటి రెండు తప్ప, ప్రతి ఆదివారం పోయిన.

అప్పుడు నా కండ్ల పదును గురించి సూపర్నెంటు సారు రాసిన వాక్యం పని చేసింది. ఇంత సూక్ష్మంగ చూసే పిల్ల చిన్న ఆఫీసుల ఎందుకని పట్నంల పెద్ద ఆఫీసుకు పిలిచిండ్రు. అక్కడి నుంచి ఒక మెట్టు, ఇంకొక మెట్టు. ప్రతి మెట్టు కాడ పాత రిపోర్టు చూసిండ్రు, ప్రతి మెట్టు కాడ నేను ఇంక గట్టి మనిషినైన. ఆదివారాలు నెలకొకటైనయి, తర్వాత పండుగకొకటి, తర్వాత లేవు. పెద్దసారు చనిపోయిన సంగతి నాకు మూడు నెలలకు తెలిసింది. పోయి చూస్తే పెద్దమ్మ బిడ్డ దగ్గరికి పోయిందన్నరు, ఇంటికి తాళమున్నది. ఆ అరుగు మీద కొద్దిసేపు కూసొని వచ్చిన.

ఇప్పుడు మీర్‌పేట్‌ల ఒక అపార్ట్‌మెంటుల ఒక్కదాన్నే ఉంట. ఆఫీసుల నా ముందట ఆరు కుర్చీలు, కాని ఫైళ్లు కంప్యూటర్ల వస్తయి, జవాబులు కంప్యూటర్ల వస్తయి, మనుషులు రారు. పోయిన ఆదివారం పొద్దుగాల నుంచి టీవీ పెట్టి, బంద్ చేసి, మళ్ల పెట్టి, ఆఖరికి చెప్పులేసుకొని ఎదురింటి తలుపు కొట్టిన. ఆ ఇంట్లకు వాళ్లు వచ్చి నాలుగేండ్లాయె, వాళ్ల పేర్లు గూడ నాకు తెల్వదు. తలుపు తీసిన ఆమె నన్ను చూసి భయపడ్డది. తమ బండి నా జాగల పెట్టినమేమో అనుకున్నది.

"లేదమ్మా," అన్న, "పొద్దు పోతలేదు. జరసేపు కూసుందామని వచ్చిన."

ఇంత చిన్న మాట నోట్లకెళ్లి రానీకె నాకు ముప్పై ఏడేండ్ల సర్వీసు పట్టింది. ఆమె ఒక్క నిమిషం నా ముఖం చూసింది. తలుపు పూర్తిగ తెరిచి, సోఫా మీద మడత పెట్టని బట్టలు ఒకదిక్కు జరిపి, కూసో అక్కా అన్నది.