‘చూద్దాం’ కూడా లెక్కే

మొయినాబాద్ చౌరస్తాలో ఆ మిఠాయి దుకాణం ముందు బండి ఆపితే చాలు, వేగుతున్న బాదుషాల వాసన ముక్కుకు తగులుతుంది. దాంతోపాటే కరుణ మేడం గుర్తుకొస్తారు. ఆ దుకాణం పైఅంతస్తులోనే ఆమె కంప్యూటర్ సెంటర్ నడిపేవారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుగా వస్తున్న కాలమది. నేను డిగ్రీ ముగించి, చేవెళ్ల నుంచి బస్సులో వచ్చి ఆమె దగ్గర కంప్యూటర్, ఇంగ్లీషు నేర్చుకునేదాన్ని. అప్పటికే రెండు ఇంటర్వ్యూల్లో నోరు పెగలక తిరిగొచ్చాను. “ఈసారి గూడ రాకుంటే ఈ తిరుగుడు బందువెట్టి టమాట తోటలకు రా బిడ్డ” అని బాపు తేల్చి చెప్పాడు.

మేడం క్రైస్తవులు. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలం నలభై రోజులూ తీపి ముట్టేవారు కాదు. తీపంటే ఆమెకు ప్రాణం. కింద బాదుషాలు పాకంలో పడుతుంటే పైన ఆమె పాఠం తడబడేది. అయినా చాయ్‌లో చక్కెర సైతం మానేశారు. ఉగాది మరునాడు అమ్మ పంపిన పచ్చడి ఆమె ముందు పెట్టాను.

“బెల్లం ఉన్నదా?” అని అడిగారు.

“ఉన్నది గని వేపపువ్వు గూడ ఉన్నది మేడం. ఇది తీపి కిందికి రాదు.”

“చేదుల దాచినా తీపి తీపేనమ్మా” అని నవ్వి, గ్లాసు పక్క పిల్లకు ఇచ్చేశారు. పండుగ పచ్చడి దగ్గర ఇంత పట్టుదల ఏమిటని నాకు ఒళ్లు మండింది. ఆ ఉడుకులోనే, నేనూ ఈస్టర్ దాకా తీపి మానేస్తానన్నాను.

“నీకు తీపే సయించదు, మిర్చి బజ్జీల పిల్లవు. ఇష్టంలేనిది ఇడిస్తే లెక్కల ఎట్ల వస్తది? ఊకె ‘నాతోని గాదు’ అంటవు సూడు, అది ఇడువు.”

తెల్లారే దొరికిపోయాను. అందరి ముందు నిలబడి ఇంగ్లీషులో నా గురించి చెప్పమంటే “చూద్దాం మేడం, రేపు” అన్నాను.

“అది గూడ లెక్కే.”

“నేను ‘గాదు’ అనలేదు గదా?”

“బెల్లం కలిపి అన్నవు.”

‘ట్రై చేస్త’ కూడా లెక్కేనట. తల ఊపి ఊరుకోవడం కూడా. ఇక నాకు మిగిలింది నిలబడి మాట్లాడటమే. తప్పులతోనే మాట్లాడాను, ఒకరోజు ఏడుస్తూ మాట్లాడాను. ఆమె మీద కసితోనే నేర్చుకున్నాను.

ఈస్టర్‌కు ముందు వారం ఇంటర్వ్యూ. విదేశాల వాళ్లతో ఫోన్లో మాట్లాడగలవా అని అడిగారు. ‘ప్రయత్నిస్తాను’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, మాట్లాడతానన్నాను. ఉద్యోగం ఇచ్చారు.

బాదుషా పొట్లంతో మెట్లు పరుగున ఎక్కాను. సంగతి విని మేడం నన్ను పట్టుకుని ఏడ్చేశారు. ఒక్క ముక్క, నా కోసమని ఆమె నోటిదాకా తీసుకెళ్లాను. ఆమె నా చెయ్యి ఆపారు.

“నువ్వు నిలబడ్డవు. నన్ను గూడ నిలబడనియ్యి బిడ్డ.”

ఒక్క బాదుషా మాత్రం డబ్బాలో దాచుకున్నారు. ఈస్టర్ నాడు వెళ్లేసరికి అది గట్టిపడిపోయింది. ఆమె దాన్ని కటుక్కున కొరికి, సగం నాకిచ్చారు. తీపి సయించని నేను ఒక్క పలుకు వదలకుండా తిన్నాను.

మేడం ఇప్పుడు లేరు. మొన్న బాపుకు కొత్త ఫోన్ కొనిచ్చి, వీడియో కాల్ చేయడం చూపిస్తున్నాను. రెండుసార్లు నొక్కి పక్కన పెట్టేశాడు.

“నాతోని గాదు బిడ్డ.”

“ఆ మాట ఇడిసిపెట్టు బాపు.”

“సరే తియ్యి, చూద్దాం.”

“అది గూడ లెక్కే” అని, ఫోన్ మళ్లీ ఆయన చేతిలో పెట్టాను.