డాయెంగ్ నొంపో గాలి లెక్క

మకస్సర్‌లోని పావోతెరె రేవులో డాయెంగ్ నొంపో మాటకు ఎదురు చెప్పిన మొనగాడు లేడు. ముప్పై ఏళ్లు తెరచాప ఓడ నడిపిన మనిషి మరి! సురబయ ఎంత దూరమని అడిగితే మైళ్లు చెప్పడు. "తూర్పుగాలైతే మూడు రోజులు, పడమటిగాలైతే నీ ఖర్మ" అంటాడు.

అలాంటివాడి చేతికి సురబయకు విమానం టికెట్టు వచ్చింది. అక్కడ ఉద్యోగం చేస్తున్న కూతురు హస్నియార్‌కి ఆ ఊళ్లోనే పెళ్లి. పొద్దున తొమ్మిదింటికి ఖాజీ ఎదుట కూర్చుని, పెళ్లికొడుకు చెయ్యి పట్టుకుని, "నా కూతుర్ని నీకిస్తున్నాను" అని తండ్రి అనాలి. తండ్రి లేకపోతే ఆ మాట మరొకరు అనేస్తారు.

"ముందురోజే వెళ్దాం, అన్నా. వదిన వారం కిందటే ఓడెక్కి వెళ్లిపోయింది" అని పోరు పెట్టింది చెల్లెలు డాయెంగ్ కెబో.

"చదువు, ఇది చదువు!" అంటూ టికెట్టు ఆమె ముక్కు కింద పెట్టాడు నొంపో. "ఏడింటికి బయల్దేరితే ఏడున్నరకి సురబయ. అరగంట! తిరిగొచ్చేటప్పుడు చూడు, రెండింటికి ఎక్కితే నాలుగున్నరకి దిగడం. ఎందుకో చెప్పు?"

"ఎందుకు?"

"ఎదురుగాలే పిచ్చిమొద్దూ! అరగంట ప్రయాణానికి ముందురోజే వెళ్లి వియ్యంకుడికి నా గురక వినిపించమంటావా?"

ఓడ నడిపినవాడు గాలి గురించి చెబుతుంటే కాదనడానికి కెబో ఎవరు?

పెళ్లినాడు విమానం లేచింది. కాబోయే అల్లుడు పంపిన కొత్త వాచీ వంక దర్జాగా చూసుకున్నాడు నొంపో. అరగంటయింది. కింద ఇంకా సముద్రమే. గంటయింది. సముద్రమే!

"గాలి తిరిగిందేమో అన్నా" అంది కెబో అమాయకంగా.

"నోర్ముయ్" అన్నాడు గానీ, ఆ గొంతులో మునుపటి జోరు లేదు.

దిగేసరికి వాచీలో ఎనిమిదిన్నర. ట్యాక్సీ పెళ్లివారి గుమ్మం ముందు ఆగేసరికి తొమ్మిదిన్నర. లోపల నవ్వులు, గ్లాసుల చప్పుడు. పెళ్లయిపోయిందన్నమాట! నొంపో మెట్టు మీద చతికిలబడ్డాడు. ఒక్కగానొక్క కూతురు. తన నోటితో అనాల్సిన మాట ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు అనేసి ఉంటాడు. అంతా తన మొండితనం వల్లే. చేతి వెనకతో కళ్లు తుడుచుకున్నాడు.

"నాన్నా! అప్పుడే వచ్చేశారా?" హస్నియార్ సగం అలంకారంతో పరుగెత్తుకొచ్చింది. "ఇంకా నా జడలో పూలు కూడా పెట్టలేదు."

"తొమ్మిదిన్నరయింది కదమ్మా!"

"అది మన మకస్సర్ టైము. ఇక్కడ గడియారాలు గంట వెనక నడుస్తాయి నాన్నా. ఇంకా ఎనిమిదిన్నరే."

కెబో పొట్ట పట్టుకుని నవ్వింది. "గాలట! ఎదురుగాలట!" నొంపో చెల్లెల్ని కసరలేదు. కూతురి తల నిమిరి, మొహం కడుక్కుని, టోపీ సర్దుకుని, పందిట్లోకి దర్జాగా నడిచాడు.

తొమ్మిదింటికి అల్లుడి చెయ్యి అందుకున్నాడు. నెల్లాళ్లుగా వల్లెవేసిన మాట నోటికి రాలేదు. "తొందరేం లేదండీ" అన్నాడు ఖాజీ. నొంపో ఊపిరి పీల్చుకుని, తుఫానులో ఓడ మీద కేకలు పెట్టిన గొంతుతో వీధి చివరిదాకా వినపడేలా ఆ మాట అన్నాడు. అల్లుడు ఒప్పుకున్నాడు. కొత్త జంట మేలు కోరి అందరూ దువా చేశారు.

"ఇక చెయ్యి వదలొచ్చు మామయ్యా" అన్నాడు అల్లుడు మెల్లగా.

"ఉండవయ్యా కాసేపు" అన్నాడు నొంపో.