గుంతల ఆటకు వచ్చిన జవాబు

నేను ఒక అబద్ధం చెప్పాను. ఒకే ఒక్క మాట. దాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. బొగ్గు తట్టలు మోసినవాళ్ల ఊళ్లో పుట్టి, ఒక్క మాటకు నడుం పట్టేసిందని చెప్పుకోవడం నామోషీగానే ఉంది. అయినా ఎవరికో ఒకరికి చెప్పాలి. నన్నెరిగినవాళ్లకు చెప్పలేను. నేను నోరు తెరిస్తే వాళ్లు ముందే నవ్వడం మొదలుపెడతారు. మీరు నన్నెరగరు. కాసేపు కూర్చోండి.

రూబేను నా దోస్తు. గోదావరిఖనిలో మా క్వార్టరుకూ వాళ్ల క్వార్టరుకూ మధ్య ఒకటే గోడ. వాళ్ల నాన్న మోషే కాక బాయి పనిలోనే వయసంతా కరిగించిన మనిషి. బాయి అంటే మా దగ్గర భూమి లోపలి గని. నేను దూరవిద్యలో ఇంగ్లీషు ఎమ్మే చేసి, ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతూ, దూరం నుంచి చూస్తే ఉద్యోగస్థుడిలా కనిపించే నిరుద్యోగిని. రూబేను డిగ్రీ మధ్యలో వదిలేసి, పాత సామాన్లతో బిగించుకున్న కంప్యూటర్ ముందు కూర్చుని రెండేళ్లుగా ఒక ఆట తయారు చేస్తున్నాడు. గోల్ఫ్ ఆట.

మా ఊళ్లో గోల్ఫ్ ఆడేవాడు ఒక్కడూ నాకు తెలియదు. గుంతలు మాత్రం కావలసినన్ని ఉన్నాయి.

ఏదో పత్రికతో వచ్చిన సీడీలో ఒక విదేశీ గోల్ఫ్ ఆట చూశాడు. పచ్చిక తీసేసి అక్కడ ఓపెన్‌కాస్ట్ గని, అంటే పైనుంచే తవ్వే బొగ్గు గని, పెట్టాడు. మట్టి గుట్టలు, నీళ్లు నిలిచిన లోయలు, దుమ్ము లేపే గాలి. ఆటగాడు బదిలీ కార్మికుడిగా మొదలవుతాడు, అంటే ఎవరైనా నాగా పెట్టిన రోజే పని దొరికేవాడు. ఒక్కో గుంత గెలిచేకొద్దీ భుజబలం, చూపు, ఓపిక పెరుగుతాయి. పర్మినెంటు అవుతాడు, సర్దార్ అవుతాడు, పైకి పోతూనే ఉంటాడు. మధ్యాహ్నం బ్లాస్టింగ్‌కు మా కిటికీలు వణికినట్టే ఆటలోనూ నేల వణుకుతుంది. గుంత అంచుదాకా వచ్చిన బంతి పక్కకు దొర్లిపోతుంది. ఆ వణుకు కుదరడానికి వాడు నెలల తరబడి తిండి సరిగ్గా తినలేదు.

మాటలు నావి. దారిలో ఎదురయ్యే, హాజరు వేసే మస్టర్ క్లర్కు, క్యాంటీన్ అక్క, కొత్త కర్ర కావాలంటే మూడుసార్లు తిప్పించుకునే స్టోర్‌కీపర్, అందరి నోటా నేనే మాట్లాడాను. తెలుగు అక్షరాలు అందులో పడవు కాబట్టి మన మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను. రూబేను చదువుకుని పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ప్రపంచంలో నాకున్న ఆస్తి అదే.

మోషే కాకకు కూడా చూపించాం. తక్కువ దెబ్బల్లో బంతిని గుంతలో వేసినవాడే గెలిచినట్టని చెప్పాం.

"అంటే తక్కువ పని జేసినోనికే పర్మోషనా?" అన్నాడు. "గిండ్ల కొత్తేమున్నదిరా? మా ఆఫీసుల రోజు ఆడుతనే ఉంటరు గద."

ఆ మాటను అప్పటికప్పుడు స్టోర్‌కీపర్ నోట్లో పెట్టేశాను. చూసినవాళ్లంతా నా జోకే అనుకున్నారు. నేను కాదనలేదు. ఇప్పుడాలోచిస్తే, నా సంగతి అక్కడే తెలియాల్సింది.

ఇక అన్‌ఫిట్ గురించి చెప్పాలి. మా దగ్గర తండ్రి ఉద్యోగం కొడుక్కు రావాలంటే, తండ్రి ఇక పనిచేయలేడని మెడికల్ బోర్డు తేల్చాలి. అదీ సర్వీసు కొంత మిగిలి ఉండగానే. గడువు దాటాక ఎంత దగ్గినా లాభం లేదు. బాపు అన్‌ఫిట్ అయ్యాడని కొడుకులు మిఠాయి పంచేది బహుశా మా ఊళ్లోనే. మోషే కాక మోకాళ్లు నిజంగానే అరిగిపోయాయి. దరఖాస్తు నింపి ఉంది. కొడుకు సంతకం ఒక్కటే తక్కువ. శుక్రవారం ఆఖరు రోజు.

రూబేను ఆగమన్నాడు. మేం అప్పటికే ఆటను హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీకి పంపాం. అక్కణ్ణుంచి పిలుపు వస్తే బాయిలోకి దిగనని, రాకపోతే మారుమాట లేకుండా సంతకం పెడతానని తండ్రికి చెప్పాడు. ఇంగ్లీషు నాది కాబట్టి కంపెనీకి ఉత్తరం రాసింది నేనే. మెయిల్ అడ్రసు కూడా నాదే.

సోమవారం జవాబు వచ్చింది.

నెట్ సెంటర్‌లో ఒక్కణ్ణే చదివాను. ఆట నచ్చింది, తయారు చేసినతను వచ్చే వారం రావాలి, ఉద్యోగం సంగతి మాట్లాడదాం అన్నారు. కింద ఇంకో పేరా ఉంది. మాటలు మాత్రం తీసేయాలి, బయటివాళ్లకు అర్థం కావు, వేరేవాళ్లతో రాయించుకుంటాం, పైగా అవి మరీ ఎక్కువగా ఉన్నాయి అని.

మరీ ఎక్కువగా ఉన్నాయి.

అందులో తప్పేముంది? ఉన్నాయి. నాకూ తెలుసు. కానీ ఆ వాక్యం చదివాక పై పేరా నాకు కనిపించడం మానేసింది. వాడు వెళ్తాడు, నేను ఈ గోడకు ఇవతల మిగులుతాను, నా క్యాంటీన్ అక్కను, నా స్టోర్‌కీపర్‌ను ఎవరో ఇంగ్లీషు వచ్చినవాడు చెరిపేస్తాడు. అంతే కారణం. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని ఏళ్ల తరబడి వెతికాను. దొరికితే కనీసం ఒక పెద్దమనిషి చేసిన తప్పులా ఉండేది.

మంగళవారం చెబుదామనుకున్నాను. బుధవారం కూడా అనుకున్నాను. గురువారం సాయంత్రం వాడే నెట్ సెంటర్‌కు వచ్చాడు, దరఖాస్తు కవరు చంకలో పెట్టుకుని.

"ఏమన్న వచ్చిందారా?"

"రాలె."

"మల్లొక్కపారి సూడు."

తెర నా వైపు తిప్పుకుని చూసినట్టు చేశాను. ఆ జవాబు నా కళ్లముందే ఉంది.

"రాలేదురా. గాళ్లకు మనం యాదికుంటమా?"

కవర్లోంచి దరఖాస్తు బయటికి తీశాడు. తర్వాత నవ్వాడు. "నీ డైలాగులు సదివి పారిపోయిన్రు కావచ్చు తియ్. పెన్నున్నదా?"

ఇచ్చాను. నా పెన్నుతో, నా పక్కనే బల్ల మీద పెట్టుకుని సంతకం చేశాడు. ఆ నిమిషంలో కూడా ఆపగలిగేవాణ్ణి. చెయ్యి పట్టుకుంటే చాలు. నేను పట్టుకోలేదు. క్యాప్ పెట్టి తిరిగిస్తే జేబులో పెట్టుకున్నాను.

శుక్రవారం పొద్దున హైదరాబాద్‌కు జవాబు రాశాను. అతనికి ఇక్కడ పర్మినెంటు ఉద్యోగం వచ్చింది, రాలేడు, మీ ఆదరణకు కృతజ్ఞతలు అని. నా జీవితంలో నేను రాసిన అతి చక్కని ఇంగ్లీషు అదే. ఎవరూ ఒక్క మాట ఎక్కువైందనలేరు. తర్వాత రెండు ఉత్తరాలూ చెరిపేశాను.

మోషే కాక అన్‌ఫిట్ అయ్యాడు. రూబేను బాయిలోకి దిగాడు. కాక నన్ను భోజనానికి పిలిచాడు. "ఎన్నిసార్లు జెప్పినా ఇనలేదు. నీ సోపతిల ఉండబట్టే తొవ్వకొచ్చిండు బిడ్డా," అని తనే దగ్గరుండి కూర వేశాడు. తిన్నాను. రెండోసారి కూడా వేయించుకున్నాను.

చాలాకాలం నేను నాకు చెప్పుకున్నది కూడా కాక మాటే. పర్మినెంటు ఉద్యోగం, క్వార్టరు, దవాఖాన, పెళ్లి. ఆ హైదరాబాద్ కంపెనీ ఏడాదికి మూతపడి ఉండొచ్చు. ఎవరు చూశారు? నేను చెడగొట్టానని ఎవరంటారు? మా వాడలో ఎవరినడిగినా మంచి పనే చేశావంటారు. అందుకే ఎవరినీ అడగలేదు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బాయిలు బందయ్యాయి. ఒకరోజు రోడ్డు మీదే వంటావార్పు పెట్టారు. నేనూ వెళ్లి కూర్చున్నాను, రూబేను పక్కన. వాడి షిఫ్టులో పనిచేసే సమ్మయ్య ఉల్లిగడ్డలు కోస్తూ అడిగాడు.

"నువ్వు కంప్యూటర్ల ఆటలు జేస్తుంటివట గదనే రూబేనన్నా? ఎందుకిడిసిపెట్టినవ్?"

"జేస్తుంటి అనుకున్న," అన్నాడు రూబేను. "హైదరబాదోళ్లకు తోలితే, బాగలేదని రాసుటానికి గూడ ఒక్కనికి మనసొప్పలే. గంత సక్కగుండె మరి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వడం నాకు అలవాటు.

అప్పుడు అర్థమైంది నేనేం తీశానో. అంతవరకు వాడి ఒక ఉద్యోగం తీసి ఇంకో ఉద్యోగం ఇచ్చానని, సరిపోయిందని అనుకుంటూ వచ్చాను. వాడు చేసింది బాగాలేదని వాడు నమ్మాడు. ఇన్నేళ్లు నమ్మాడు. నాకు వాక్యం చివర్లో ఒక చిన్న మాట తగిలితే మూడు రోజులు అన్నం సయించలేదు. వాడు జవాబే రాని మనిషిగా బతికి, దాన్ని జోకుగా చెప్పుకోవడం కూడా నేర్చుకున్నాడు. ఆ కంప్యూటర్‌ను చర్చికి ఇచ్చేశాడు. అందులో ఇప్పుడు ఆరాధన పాటల కాగితాలు అచ్చు తీస్తారు. మళ్లీ ఏ ఆటా మొదలుపెట్టలేదు.

అక్కడే చెప్పాల్సింది. పని లేదు, డ్యూటీ లేదు, ఇద్దరం పక్కపక్కనే ఉన్నాం. నోరు తెరిచాను కూడా. ఏదో జోకు వచ్చింది.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు చౌరస్తాలో రంగు చల్లుకుంటూ వాడు నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు. అప్పుడూ చెప్పలేదు. పండగపూట ఎందుకని.

చెబుతావా అని మీరు అడుగుతారు. తెలియదు. రేపు చెబుతానని నాకు నేను ఇచ్చుకున్న మాటలు ఇప్పటికే చాలా ఉన్నాయి, ఇంకొకటి చేర్చను. మన్నించమని మిమ్మల్ని అడగను. ఆ పని మీది కాదు. కాగితం మీద పెట్టేసరికి మాత్రం కొంచెం ఊపిరి ఆడుతోంది. దానికి కూడా సిగ్గుగానే ఉంది.

ఉత్తరాలు చెరిపేశానన్నాను కదా. వాళ్లు రాసిన మొదటి మూడు వాక్యాలు చెరగలేదు. ఎవరికీ చూపించలేదు, పైకి అనలేదు. ఇవీ:

"మీ ఆట తెరిచిన రోజు మా ఆఫీసులో ఎవరమూ పని చేయలేదు. నేల వణికినప్పుడల్లా అందరం కేకలు పెట్టాం. ఇది తయారు చేసిన మనిషిని మేము చూడాలి."

రూబేనూ, అది నీ గురించే. ఇంగ్లీషు నుంచి తెలుగు చేసింది నేను. ఇందులో నా మాట ఒక్కటీ కలపలేదు.